వెంట్రుకవాసి

జులై 21, సోమవారం

జ్ఞానవతి మేడం ఈ రోజు మా కాలేజీ ప్రాజెక్టుకు చోట్లు పంచారు. నాకు డెలానీపూర్‌లో చర్చి మలుపు, బడి పిల్లలు రోడ్డు దాటే చోటు. మా క్లాసు స్వాతికి చాతంలో ఫెర్రీ పడవ దిగిన జనం బస్సుల కోసం పరుగెత్తే చోటు. నేను అడిగిందే నాకు వచ్చింది.

మేడం ఇంగ్లీషులో చెప్పినదాన్ని తెలుగులో పెట్టి చూస్తున్నాను, చెయ్యి తిరగడానికి. నిజంగా గుద్దుకున్న బండ్ల లెక్క పోలీసుల దగ్గర ఉంటుంది. గుద్దుకోబోయి తప్పిన వాటి లెక్క ఎవరి దగ్గరా ఉండదు. తప్పినవాటిని లెక్కపెడితే, రేపు తప్పనివి ఎక్కడ జరుగుతాయో ఇవాళే తెలుస్తుంది. (చివరి వాక్యం నాది. బాగా వచ్చింది.)

ఈ ఏడాది రోడ్డు కమిటీ ఒక్క ఎత్తు జీబ్రాకే డబ్బిస్తుందట. పిల్లలు దాటే చోట రోడ్డునే కొంచెం పైకి లేపి, దాని మీద చారలు వేస్తారు, బండి ఆగక తప్పదు. మా ఇద్దరి చోట్లలో ఏది ఎక్కువ ప్రమాదమని తేలితే అక్కడ వేస్తారు. ఆ చోటును లెక్కపెట్టిన మనిషే కమిటీ ముందు నిలబడి మాట్లాడాలి.

నేను మాట్లాడతాను. మూడేళ్ళుగా క్లాసులో మొదటి మార్కు నాది.

జులై 22

ఈ గుద్దుకోబోయి తప్పినవాటిని మన భాషలో ఏమంటారని మేడం అడిగారు. నేను ముందురోజే నిఘంటువు చూసుకున్నాను. లేచి నిలబడి, “త్రుటిలో తప్పిన ప్రమాదాలు” అన్నాను. మేడం తల ఊపారు.

కిటికీ పక్కన కూర్చున్న స్వాతి లేవను కూడా లేవలేదు. “మా డిగ్లీపూర్‌లో ఎంటికవాసి అంటాం మేడం. ఎంటికవాసిలో తప్పిపోనాది, అని.”

మేడం నవ్వి బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు: వెంట్రుకవాసి. హిందీ పిల్లలు అర్థం అడిగితే స్వాతి తల మీంచి ఒక వెంట్రుక పీకి చూపించింది. క్లాసంతా నవ్వింది. ఇక మా రిపోర్టుకు అదే పేరు.

నాకేం బాధ లేదు. అది నిజంగా మంచి మాట. ఆమెకు తెలుగులో తన పేరు రాయడం రాదు. స కింద వ వత్తు ఎటు తిప్పాలో నన్నే అడిగింది. నేను చూపించాను.

జులై 24

మొదటి రోజు లెక్క. ఆరెంజి జాకెట్, గొడుగు, అట్టకు క్లిప్పు. సన్నటి వాన.

మా డెలానీపూర్ వాళ్ళ మర్యాదే వేరు. మణికుమార్ భయ్యా తన వాటర్ ట్యాంకర్‌ని చారలకు చాలా ముందే ఆపి, రెండు చేతులూ స్టీరింగు మీద సమంగా పెట్టుకుని, పిల్లలందరూ దాటేదాకా కదల్లేదు. వెళ్తూ వెళ్తూ కిటికీలోంచి, “నమస్తే బేటా. నేను ఆపానని మాస్టారికి చెప్పు, హా?” అన్నాడు.

మాస్టారంటే నాన్న. జీవరాజు మాస్టారంటే ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మంది నాన్న పక్కన కూర్చునే నేర్చుకున్నారు. ఇండికేటరు మరిచిపోతే చేతి మీద స్కేలుతో కొడతాడు, పెద్ద పెద్ద ఆఫీసర్లనైనా సరే. చిన్నప్పుడు బడి అయ్యాక నేను ఆ కారు వెనక సీట్లోనే హోంవర్కు చేసుకునేదాన్ని. అందుకని వాళ్ళందరికీ నేను తెలుసు. (ఇంట్లో డాడీ అని పిలుస్తాను. రాసేటప్పుడు నాన్న అంటేనే బాగుంటుంది.)

వెంట్రుకవాసి గీతలు (తప్పినదానికి ఒకటి చొప్పున): దాదాపు ఏమీ లేవు.

జులై 28

ఈ రోజూ ఏమీ లేవు. అందరూ ఇండికేటర్లు వేస్తున్నారు. ఎటూ తిరగనివాళ్ళు కూడా వేస్తున్నారు.

జులై 30

మేడం మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. స్వాతి కాగితం గీతలతో నల్లబడిపోయింది. నాది తెల్లగా ఉంది.

పక్కనే ‘గమనించినవి’ అని ఒక గడి ఉంది. అందులో స్వాతి హిందీ అక్షరాలతో తెలుగు రాసింది. మేడం పైకి చదివారు: “ఫెర్రీ దిగిన స్కూటీలు పీతల్లాగ అడ్డంగా పోతాయి. ముసలమ్మ సంచి ముందు దాటింది, ముసలమ్మ తరవాత దాటింది.” మేడం రెండోసారి చదివి, “నాకు రోడ్డు కనపడుతోంది స్వాతీ” అన్నారు.

నా గడిలో ‘వర్షం. రాకపోకలు సజావుగా ఉన్నవి’ అని ఉంది. ‘సజావుగా’ కూడా మంచి మాటే. మేడం అది చదవలేదు.

ఇది అసూయ కాదు. రాసి చూసుకుంటే ఆ మాట నాకు అతకడం లేదు. కాగితం అంత నల్లగా ఎలా ఉంటుందన్నది ఒక ప్రశ్న, అంతే. చాతంలో నేనూ వందసార్లు ఫెర్రీ దిగాను. పీతలు నాకెప్పుడూ కనపడలేదు.

ఆగస్టు 2

అమ్మ స్వాతిని భోజనానికి పిలవమంది. హాస్టల్ పిల్ల, ఇల్లు డిగ్లీపూర్‌లో, బస్సెక్కితే రోజంతా పడుతుంది, పాపం అంది. పిలిచాను.

వచ్చింది. చేపల పులుసు రెండుసార్లు వేయించుకుంది. చేతులు కడుక్కోకముందే నాన్న, మీ వైపు బండ్లు ఎలా నడుపుతారని అడిగాడు. ఇక ఒకటే చెప్పడం. ఘాట్ రోడ్డు మీద ట్రాక్టరు వెనక బస్సు, బస్సు వెనక ఆవు, ఆవు ఒక్కటే సైడు ఇస్తుందట. నాన్నకు పొలమారేంత నవ్వు వచ్చింది.

ఆమె వెళ్ళాక నాన్న అన్నాడు. “ఆ పిల్లకి కళ్ళున్నాయే పాపా. రోడ్డు మీద కళ్ళుండటం అందరికీ రాదు.”

పుట్టినప్పటి నుంచి ఆ కారు వెనక సీట్లో కూర్చున్నదాన్ని నేను. నాతో ఆ మాట ఎప్పుడూ అనలేదు. అనాలని కాదు.

అమ్మ ఆమెకు డబ్బాలో మామిడికాయ పచ్చడి కూడా కట్టి ఇచ్చింది. పెద్ద డబ్బా.

ఆగస్టు 3, ఆదివారం

చర్చి. తలనొప్పి.

ఆగస్టు 5

లైబ్రరీ పుస్తకం ఇవ్వడానికి మేడం గదికి వెళ్ళాను. మాటల్లో వచ్చింది, అంతే. నేను ఎవరి పేరూ ఎత్తలేదు. ఒకే రకం రోడ్లు, ఒకే రకం బండ్లు, ఒక కాగితం నల్లగా, ఒక కాగితం తెల్లగా ఉంటే చదివేవాళ్ళు నమ్ముతారా మేడం, అని మాత్రమే అన్నాను. మేడం కళ్ళజోడు తీశారు. “స్వాతి ఊహించి రాస్తోందంటావా?”

నేను అలా అనలేదు. “ఒక ఉదయం చోట్లు మార్చి చూస్తే శాస్త్రీయంగా ఉంటుంది మేడం” అన్నాను. ఆ ఆలోచన మంచిదేనని ఎవరైనా ఒప్పుకుంటారు.

ఆగస్టు 7

చోట్లు మార్చాం. నేను చాతం వంతెన దాటి జెట్టీ దగ్గర నిలబడ్డాను. ఫెర్రీ వచ్చింది, గేటు తెరిచారు, అవతలి ఒడ్డు బాంబూఫ్లాట్ నుంచి వచ్చిన స్కూటీలు పొంగిన పాలలా బయటికొచ్చాయి. నా దాకా వచ్చేసరికి అన్నీ వరసలో పడ్డాయి. ఒకామె ఆగి, హెల్మెట్ బకిలు పెట్టుకుని, “నువ్వు మాస్టారి అమ్మాయివి కదూ, ఎంత పొడుగైపోయావ్” అంది. బస్సు డ్రైవర్లిద్దరు చెయ్యి ఊపారు. జనం తాపీగా నడిచి బస్సులెక్కారు.

పీతలు లేవు. సంచీలు లేవు. గీతలు లేవు.

డెలానీపూర్ నుంచి స్వాతి తెచ్చిన కాగితం చూశాను. చాతంలో కంటే నల్లగా ఉంది. నేను రెండు వారాలు నిలబడిన చోటు! నేను పుట్టి పెరిగిన మలుపు!

దొరికింది.

ఆగస్టు 8

మేడం నన్ను ఒక్కదాన్నే పిలిచారు. నా రెండు వారాల లెక్క ఒకటే మాట చెబుతోంది, చాతంలో నా ఉదయం కూడా అదే చెబుతోంది. స్వాతి ఎక్కడ నిలబడితే అక్కడే ప్రమాదాలు జరుగుతున్నాయి. “రోడ్డు మారినా చెయ్యి మారలేదు” అన్నారు మేడం, బాధగా.

సోమవారం స్వాతిని మళ్ళీ డెలానీపూర్‌లోనే నిలబెడతారట. ఆ కాగితమూ అలాగే ఉంటే ఆమె లెక్కలన్నీ తీసేస్తారు, ప్రాజెక్టు మార్కులు కూడా పోతాయి. రిపోర్టు నా లెక్కలతో వెళుతుంది: రెండు చోట్లా పరవాలేదు, బోర్డులు పెడితే చాలు, ఎత్తు జీబ్రా వేరే ఊరికి ఇవ్వొచ్చు. కమిటీ ముందు నేను మాట్లాడతాను.

నేను మాట్లాడతాను!

డెలానీపూర్‌కు జీబ్రా రాదు. అవసరం లేనిది రాకపోతే ఏం.

ఆగస్టు 10, ఆదివారం

ఉపన్యాసం మొదటి వాక్యం మూడు రకాలుగా రాశాను. మూడూ బాగున్నాయి. స్వాతి చర్చి బయట కనపడి పచ్చడి డబ్బా తిరిగి ఇచ్చింది. కడిగి, అందులో వాళ్ళ ఊరి వక్కలు వేసి ఇచ్చింది. అమ్మ మురిసిపోయింది.

ఆగస్టు 11, సోమవారం

ఏం రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

ఉదయం ఆమె కంటే ముందే చర్చికి వెళ్ళాను. మేడ మీద సండేస్కూలు గది ఉంది, దాని కిటికీ చెక్కల సందులోంచి మలుపంతా కనపడుతుంది. స్వాతి జరగనిదానికి గీత గీస్తుంటే నా కళ్ళతో చూడాలని వెళ్ళాను. నేనూ ఒక కాగితం తెచ్చుకున్నాను, తన గీతకు నా గీత సరిచూడటానికి.

స్వాతి వచ్చింది. ఆరెంజి జాకెట్, నల్ల గొడుగు, స్తంభం పక్కన. ఎవరూ ఆమెకు నమస్తే చెప్పలేదు. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

బడి గంటకు ముందు బండ్లు మొదలయ్యాయి. ఒక ఆటో చారల మీదే ఆగి మనుషుల్ని దింపింది, దాని చాటు నుంచి ఇద్దరు పిల్లలు బయటికొచ్చారు, ఒక బైకు వాళ్ళ సంచీలను తాకుతూ పోయింది. స్వాతి గీత గీసింది. నేనూ గీశాను. తర్వాత బస్సు. తర్వాత మణికుమార్ భయ్యా ట్యాంకర్. అదే ట్యాంకర్, నాకు నమస్తే చెప్పిన ట్యాంకర్, హారన్ మీద చెయ్యి తియ్యకుండా పిల్లల వరసను రెండు ముక్కలు చేసి వెళ్ళిపోయింది. ఆ వైపు మిగిలిన పిల్ల ఒకతె ఏడుస్తూ మధ్యలోకి పరుగెత్తింది.

ఇద్దరం గీశాం. ఇద్దరం గీస్తూనే ఉన్నాం. ఆమె వదిలేసిన ఒకటి రెండు కూడా నాకు పైనుంచి కనపడ్డాయి. కిటికీ చెక్కకు నుదురు ఆనించి నిలబడ్డాను. ఈ రోడ్డు నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత నాన్న కారు వచ్చింది.

పైన పసుపు డబ్బా, దాని మీద తెలుగులో డ్రైవింగ్ స్కూలు పేరు, ముందు ఎల్ బోర్డు. నేర్చుకునేవాడు ఎవరో కుర్రాడు, మెడ బిగబట్టి నడుపుతున్నాడు. ఎడమ సీట్లో నాన్న. నాన్న కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. నాన్న ఫోనులో మాట్లాడుతున్నాడు. ఒక తల్లి బిడ్డను చంకనేసుకుని చారల మీదికి అడుగు పెట్టింది. కారు ఆగలేదు. ఆమె వెనక్కి గెంతింది, కొంగు అద్దానికి రాసుకుంది. నాన్న ఫోను చెవికి పెట్టుకునే రెండో చేత్తో పోనీ పోనీ అని సైగ చేశాడు.

స్వాతి ఆ కారు వెనక భాగాన్ని మలుపు తిరిగేదాకా చూసింది. మా ఇంట్లో అన్నం తిన్న పిల్ల. పేరు చదవడం రాకపోయినా ఆ కారు తెలుసు. కాసేపు పెన్ను ఊరికే పట్టుకుంది. తర్వాత గీసింది.

నేను గీయలేదు.

ఆగస్టు 12

రాత్రి అన్నం దగ్గర నాన్నను అడిగాను. నేను రోడ్డు పక్కన నిలబడితే అందరూ ఎందుకు అంత బాగా నడుపుతారని.

నాన్న గొప్పగా నవ్వాడు. “నిన్ను చూస్తే నన్ను చూసినట్టే కదే పాపా. మళ్ళీ లైసెన్స్ టెస్టు అనుకుంటారు. స్కేలు గుర్తొస్తది.”

అమ్మ కూడా నవ్వింది. నేను, నిన్న మలుపు దగ్గర మా కాలేజీ వాళ్ళెవరైనా కనపడ్డారా అన్నాను. ఎవరో పిల్ల గొడుగేసుకుని నిలబడి ఉంది, సరిగ్గా చూడలేదన్నాడు. తన ఇంట్లో అన్నం తిన్న పిల్లనే చూడలేదు.

అంటే నేను రోడ్డును ఎప్పుడూ చూడలేను. ఎక్కడ నిలబడ్డా నా ముందు నాన్న కారు వెళుతుంది. ఆమె గొడుగేసుకుని స్తంభం పక్కన నిలబడితే స్తంభం అయిపోతుంది. ఎవరికీ తెలియకపోవడం కూడా ఒక ప్రతిభేనా? అది ఎంత చదివినా రాదు. అది కూడా ఆమెకే ఇచ్చారు.

ఆగస్టు 13

కాలేజీకి వెళ్ళలేదు. మేడం దగ్గర్నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. స్వాతి కాగితం మళ్ళీ నల్లగా వచ్చిందని చెప్పడానికే అయ్యుంటుంది. ఎత్తలేదు.

ఎత్తకపోతే చాలు. ఏమీ చెయ్యక్కర్లేదు. నేను ఏమీ చెయ్యకుండా ఉంటే అన్నీ నాకే వస్తాయి.

అమ్మ వక్కలు నములుతూ బాగున్నాయంది.

బడి విడిచే వేళకు గొడుగు తీసుకుని మలుపు దాకా వెళ్ళాను. అందరూ ఆపారు. మధ్యలోకి పరుగెత్తిన ఆ పిల్ల కూడా దాటింది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, అటూ ఇటూ చూడకుండా. నేను ఉన్నాను కాబట్టి.

ఆగస్టు 14

మేడంకు చెప్పాను. కిటికీ దగ్గర గీసిన నా కాగితం ఇచ్చాను. బండ్లు నన్ను చూసి ఆగుతున్నాయని, నా రెండు వారాలూ పనికిరావని, స్వాతి గీతలన్నీ నిజమని చెప్పాను.

మేడం కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూశారు.  చివరికి, “నేనూ మీ నాన్న దగ్గరే నేర్చుకున్నాను. నాకైనా తట్టలేదు” అన్నారు. ఆ తర్వాత, “సరే. స్వాతి మాట్లాడుతుంది. నీ లెక్క ఎందుకు తప్పిందో కూడా ఒక పేజీ ఉండాలి, అది నువ్వు రాయి.”

నన్ను మెచ్చుకుంటారని అనుకున్నాను. తలుపు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి కూడా చూశాను. మేడం అప్పటికే స్వాతికి ఫోను చేస్తున్నారు.

నాన్న కారు సంగతి చెప్పలేదు. నా కాగితంలో ఆ ఒక్క గీత లేదు, ఆమె కాగితంలో ఉంది. ‘కారు’ అని ఉంది. ఎవరి కారో రాయడానికి గడి లేదు.

ఆగస్టు 18

నా పేజీ రాశాను. నేను రాసినవాటిలో ఇదే బాగుంది. ఎవరూ చదవరు.

ఆగస్టు 20, బుధవారం

కమిటీ.

స్వాతి సగం హిందీ, సగం ఇంగ్లీషు, మధ్యలో తెలుగు. నోట్సు చూడలేదు. మా మలుపు గురించి చెబుతుంటే ఆ గదిలో హారన్ వినపడింది. నేను వెనక వరసలో కూర్చుని ఆమె వ్యాకరణం తప్పులు లెక్కపెట్టాను, కాసేపటికి మానేశాను.

అధ్యక్షుడు పేజీలు తిప్పి, ఇక్కడే రెండు వారాలు నిలబడిన ఇంకో విద్యార్థిని ఏమీ జరగలేదని రాసిందే, దేన్ని నమ్మాలన్నాడు. స్వాతి బల్ల మీది కాగితాలు సర్దింది. నా వైపు కూడా చూడలేదు. నా లెక్క ఎందుకు తప్పిందో తనకు తెలుసు, చెప్పొచ్చు, చెప్పలేదు.

లేచి నిలబడ్డాను. “ఆ విద్యార్థిని నేనే సర్. నేను జీవరాజు మాస్టారి అమ్మాయిని. నన్ను చూస్తే అందరూ టెస్టు అనుకుని నడుపుతారు. నేను లెక్కపెట్టింది రోడ్డును కాదు.”

గదిలో నవ్వులు. ఇద్దరు ముగ్గురు చేతులు చూసుకున్నారు, స్కేలు తగిలిన చోట. అధ్యక్షుడు కూడా నవ్వి, “అయితే ఈ అమ్మాయిని రోజూ అక్కడ నిలబెడితే సరి, సిమెంటు ఖర్చు మిగులుతుంది” అన్నాడు.

నా దగ్గర జవాబు ఉంది. నోటి దాకా వచ్చింది. ఈలోగా స్వాతి అంది, “నిలబెట్టండి సార్, కానీ ఆదోరం అది సర్చి కెల్తాది.”

అందరూ మళ్ళీ నవ్వారు, నా మాటకంటే ఎక్కువగా ఆమె మాటకు. అలా నవ్వుతూనే ఒప్పుకున్నారు. వానలు తగ్గాక ఎత్తు జీబ్రా డెలానీపూర్ చర్చి మలుపులో వేస్తారు. రేపు పేపరులో వస్తుందని ఫోటో తీశారు. స్వాతి, మేడం, అధ్యక్షుడు. నన్ను సంచీలు పట్టుకోమన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరమే. స్వాతి టికెట్టును మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. తర్వాత అంది.

“మేడం సెప్పినారు. నన్ను డెలానీపూర్‌లో ఎట్టమని నువ్వే అడిగినావంట.”

మేడం అంతవరకే చెప్పారన్నమాట. ఎందుకు అడిగానో చెప్పలేదు.

“నువ్వు అడక్కపోతే ఆ మలుపు ఎవులికీ తెల్దు. నా కోసం మేడం కాడికెల్లి సెప్పినోల్లు ఎవుల్లేరే, ఇన్నేళ్ళలో.”

ఆమె కళ్ళు నిండాయి. ఆ కళ్ళ గురించే నాన్న అన్నది.

నేను నాకు తెలిసిన మాటలన్నీ వెతికాను. “ఊఁ” అన్నాను.

ఆమె లేచి కిటికీ పక్క సీటు నాకిచ్చింది. కూర్చున్నాను.